ఎద్దుకు నీడ, డ్రైవరుకు చల్లగాలి



ప్రతి ఆదివారము ఆరాధనలో మనము ప్రయాణికుల కొరకు ప్రార్థిస్తాము. బస్సులో పోయేవారిని, రైలులో పోయేవారిని, దూరదేశములో పనిచేసే బిడ్డలను పేరుపేరునా జ్ఞాపకము చేసుకుంటాము. అయితే ఆ బండిని నడిపే డ్రైవరును జ్ఞాపకము చేసుకొనుట చాలా అరుదు. పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలలోని మన సంఘములలో డ్రైవరు లేని వీధి లేదనవచ్చును. ఈ రెండు జిల్లాల మీదుగా రెండు పెద్ద రహదారులు పోతున్నవి. ఒకటి చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోయేది. ఇప్పుడు దాని నంబరు 65 అయినా మన పెద్దలు ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డు అనే అంటారు. రెండవది షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా కర్నూలుకు పోయే 44వ నంబరు రోడ్డు. ఇది ఒకప్పటి ఏడో నంబరు. మిర్యాలగూడ బియ్యము, మట్టపల్లి, వాడపల్లి వైపు సిమెంటు, నల్గొండ బత్తాయి, పాలమూరు పత్తి, ఇవన్నీ ఈ రోడ్లమీదనే లోకమును చేరుతున్నవి. వాటిని చేర్చేవారు మన అన్నదమ్ములు, మన ఇంటి అల్లుళ్ళు.

వీరిని గూర్చి ఈ నెల వ్రాయుటకు ఒక కారణమున్నది. 2025 అక్టోబరు 1 నుండి మన దేశములో తయారయ్యే ప్రతి లారీకి డ్రైవరు కేబినులో ఏసీ తప్పనిసరి అయినది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో ఈ ఉత్తర్వు ప్రకటించినది. మొత్తము బరువు మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. ప్రభుత్వ భాషలో వాటిని ఎన్-2, ఎన్-3 తరగతులు అంటారు. ఈ సంగతి ఒక కుటుంబ కూడికలో ప్రస్తావనకు వచ్చినప్పుడు రెండు మాటలు వినబడినవి. వాటికి జవాబు వెదకుటే ఈ వ్యాసము.

మొదటి మాట ఒక పెద్దాయనది. "మన తాతలు ఎడ్లబండ్ల మీద పోలేదా అయ్యగారూ? ఏసీలు, గీసీలు అన్నీ సోకులు. మనిషి శరీరమును సుఖానికి మరిపితే ఆత్మ బలహీనపడతది" అన్నాడు. రెండవ మాట ఒక చెల్లెలిది. ఆమె భర్త సిమెంటు లారీ నడుపుతాడు. "చల్లగుంటే డ్రైవర్లు నిద్రపోతరని మా ఓనరు అంటున్నడు అయ్యగారూ. నిజమేనా? నాకు అదే భయం" అని అడిగింది.

ఎడ్లబండి సంగతి

మొదటి మాటకు ఎడ్లబండి దగ్గరే జవాబున్నది. ఎండాకాలములో మన తాతలు మిట్టమధ్యాహ్నము బండి కట్టేవారు కారు. కోడికూతతో బయలుదేరి, ఎండ ముదిరేలోగా చింతచెట్టు క్రింద బండి విప్పి, ఎడ్లకు నీళ్ళు చూపి, కుడితి పెట్టి, పొద్దు వాలిన తరువాత మరల కట్టేవారు. రాత్రి వెన్నెలలో ప్రయాణము సాగించేవారు. అంటే ఎద్దుకు మధ్యాహ్నపు నీడ హక్కుగా ఉండేది. దానిని సోకు అని ఎవరూ అనలేదు. నోరులేని పశువుకు ఇచ్చిన ఆ నీడను లారీ వచ్చిన తరువాత మనిషికి ఇవ్వలేకపోయాము. సరుకు పొద్దున్నకల్లా చేరవలెనంటే డ్రైవరు మే నెల రెండు గంటల ఎండలో నడపక తప్పదు.

పైగా ఎడ్లబండి క్రింద పొయ్యి లేదు. లారీ డ్రైవరు పాదముల క్రింద, ప్రక్కన ఇంజను ఉడుకుతూ ఉంటుంది. నకిరేకల్ దగ్గర ఒక తమ్ముడిని అడిగితే ఇట్లు చెప్పాడు: "బయట ఎండనన్న ఓర్చుకోవచ్చు అయ్యగారూ. లోపల మటుకు కాళ్ళ కింద కుంపటి పెట్టినట్టుంటది. కిటికీ తీస్తే వడగాడ్పు, మూస్తే ఉడుకు. సీటుకు వీపు అంటుకుపోతది." ముందటి పెద్ద అద్దములో నుండి ఎండ నేరుగా ఒడిలో పడుతుంది. రేకు పైకప్పు పెనము వలె కాలుతుంది. మంత్రి నితిన్ గడ్కరీగారు 2023లో ఈ ఆలోచనను బయటపెట్టినప్పుడు, లారీ డ్రైవర్లు 43 నుండి 47 డిగ్రీల వేడిలో పనిచేస్తున్నారని చెప్పారు. మన ప్రాంతము వారికి ఆ లెక్క క్రొత్త కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశములో 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. తెలంగాణలో ఎక్కువ మంది పోయిన జిల్లాలలో నల్గొండ ఒకటి.

మనిషి శరీరము 37 డిగ్రీల దగ్గర నిలువవలెనని దేవుడు నిర్మించాడు. బయటి వేడి అంతకు మించినప్పుడు శరీరమునకు మిగిలే ఆధారము చెమట ఒక్కటే. చెమటతో నీరు, ఉప్పు పోతూ ఉంటే తల తిరుగుతుంది, చూపు మందగిస్తుంది, చేయి ఆలస్యముగా కదులుతుంది. ఇరవై టన్నుల సరుకుతో పోతున్న బండికి బ్రేకు అరక్షణము ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ కేబినులో చల్లదనము డ్రైవరుకే కాక, ఎదురుగా స్కూటరు మీద వచ్చే మన బిడ్డకు కూడ క్షేమము.

చల్లదనము ఎక్కడ నుండి వస్తుంది?

ఏసీ చల్లదనమును తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది లోపలి వేడిని ఎత్తి బయట పెడుతుంది, అంతే. మన ఇంటి మట్టికుండను చూడండి. కుండ ఒళ్ళంతా సన్నగా చెమర్చి, ఆ తడి ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని తీసుకొనిపోతుంది. కుండలో మిగిలిన నీరు చల్లబడుతుంది. ద్రవము ఆవిరి అయ్యేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది, ఆవిరి మరల ద్రవమయ్యేటప్పుడు ఆ వేడిని విడిచిపెడుతుంది. బండి ఏసీ అంతా ఈ ఒక్క నియమము మీదనే నిలిచియున్నది.

కుండలో తడి గాలిలో కలిసిపోతుంది. ఏసీలో గ్యాసు గొట్టములలోనే తిరుగుతూ ఉంటుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు ఆ గ్యాసును గట్టిగా నొక్కుతుంది. నొక్కినప్పుడు అది బాగా వేడెక్కుతుంది. అది బండి ముందు భాగములో, రేడియేటరు ఎదుట ఉండే కండెన్సరులోనికి పోయి, ఎదురుగాలికి తన వేడిని విడిచి ద్రవమవుతుంది. తరువాత ఒక చిన్న వాల్వు గుండా పోయి ఒక్కసారిగా విప్పారి మంచు వలె చల్లబడి, డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిలులోనికి వస్తుంది. అక్కడ బ్లోయరు కొట్టే గాలి దాని మీదుగా పోయి చల్లబడి డ్రైవరు ముఖమునకు తగులుతుంది. లోపలి వేడిని మోసుకొని గ్యాసు మరల కంప్రెసరుకు పోతుంది. గాలిలోని తేమ కూడ ఆ కాయిలు మీద నీరై బండి క్రింద బొట్లు బొట్లుగా కారుతుంది. అది చూచి బండి చెడిపోయినదని కొందరు కంగారుపడతారు. అది మంచి గుర్తే.

ఇరుకు చోటులో పెద్ద పని

ఇంత సులువైన నియమమైతే ఇన్నాళ్ళు లారీలకు ఎందుకు పెట్టలేదు? ఖర్చు ఒక కారణము. అయితే చిన్న చోటులో ఈ యంత్రమును అమర్చుట కూడ సామాన్యమైన పని కాదు. ఇంటి గదికి 1 టన్ను లేక ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టుకుంటాము. ఇక్కడ టన్ను అనేది యంత్రము బరువు కాదు. ఒక టన్ను మంచును ఒక దినములో కరిగించునంత వేడిని తీసివేయగల శక్తి. గదిలో ఎన్నో వంతో ఉండే చిన్న కారుకు కూడ దాదాపు అంతే శక్తి కావలెనంటే ఆశ్చర్యము కలుగుతుంది. గదికి మందమైన గోడలున్నవి. బండికి చుట్టూ అద్దములు, పలుచని రేకు, ఇంజను వేడి. ఎండలో మూసిపెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటవచ్చును. దానిని కొద్ది నిమిషములలో చల్లార్చవలెను.

అంత పనిచేసే యంత్రమును డ్యాష్‌బోర్డు క్రింద, కాళ్ళకు తగలకుండ, పెద్ద శబ్దము చేయకుండ ఎట్లు ఇమిడ్చారు? మడత పెట్టి. మన అక్కచెల్లెండ్రు ఆరు గజాల చీరను మడిచి చిన్న సంచిలో పెట్టినట్లే, అల్యూమినియపు పలుచని రేకులను వందల మడతలుగా మడిచి చిన్న పెట్టెలో కూర్చుతారు. పెట్టె చిన్నదే, గాలికి తగిలే వైశాల్యము మాత్రము చాలా పెద్దది. బండి కుదుపు మరియొక చిక్కు. ఇంటి ఏసీ గోడకు కదలక ఉంటుంది. బండిలో కంప్రెసరు ఇంజనుతో కలిసి ఊగుతుంది, కాయిలు కేబినుతో కలిసి ఊగుతుంది. రెంటి మధ్య గట్టి గొట్టము వేస్తే విరిగిపోతుంది గనుక రబ్బరు గొట్టములు వేస్తారు. వాటి అతుకుల దగ్గర గ్యాసు కొద్దికొద్దిగా కారుటకు అవకాశమున్నది. ఇక మన ప్రాంతపు దుమ్ము, సిమెంటు పొడి, పత్తి నూగు కండెన్సరు మడతలలో చిక్కుకొని గాలిని ఆపివేస్తవి. చల్లగాలి తగ్గగానే గ్యాసు అయిపోయినదనుకోకుండ, ముందు కండెన్సరును మెల్లని నీటిధారతో కడిగించి చూడవలెను.

హీటరు మాటేమిటి? మన ఎండలలో హీటరు ఎందుకని నవ్వవచ్చును. అయితే మన జడ్చర్ల ముందు పోయే 44వ నంబరు రోడ్డు కన్యాకుమారి నుండి కాశ్మీరు శ్రీనగరము వరకు 3,700 కిలోమీటర్లకు పైగా పోతున్నది. ఒకే రోడ్డు మీద ఒకవైపు వడగాడ్పు, మరియొకవైపు మంచు. ఆ రెంటికీ సరిపోవునట్లు ఒకే పెట్టెలో కూలింగ్ కాయిలు, దాని వెనుక హీటరు కాయిలు అమర్చుతారు. మధ్యన ఒక చిన్న తలుపు ఉంటుంది. అది ఎంత తెరచుకుంటే అంత వేడిగాలి చల్లగాలితో కలుస్తుంది. హీటరుకు ప్రత్యేకముగా డీజిలు అక్కరలేదు. ఇంజనును చల్లబరచి వచ్చిన వేడినీటినే దాని గుండా పంపుతారు. పారవేయవలసిన వేడి పనికి వస్తుందన్నమాట. వానాకాలములోను, మాఘమాసపు మంచులోను ముందటి అద్దము మసకబారినప్పుడు ఈ రెండూ కలిసి పనిచేయవలెను. కూలింగ్ కాయిలు గాలిలోని తేమను తీస్తుంది, హీటరు ఆ గాలిని వెచ్చబెడుతుంది, అద్దము తేటపడుతుంది. తెల్లవారుజామున సూర్యాపేట దాటుతున్న డ్రైవరుకు ఇది కన్ను తెరచినంత మేలు.

తల్లి లేని బిడ్డ చేసిన మేలు

ఈ యంత్రములు చిన్నవగుటకు చాలా కాలము పట్టినది. 1939లో అమెరికాలో ప్యాకార్డు కంపెనీ తొలిసారి కారులో ఏసీ అమర్చి చూపినప్పుడు, అది వెనుక సామాను పెట్టుకొనే డిక్కీలో సగము ఆక్రమించినది. దానిని ఆపవలెనంటే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయవలసి వచ్చేది. 1954లో నాష్ అనే కంపెనీ హీటరును, ఏసీని ఒక్కటిగా కలిపి, మొత్తమును బండి ముందు భాగములోనే ఇమిడ్చినది. దాని బరువు సుమారు 60 కిలోలు. నేటి కార్లన్నిటిలోను మనము చూచే అమరిక దాని బాటలోనిదే.

వీరి మధ్య ఒక మనిషిని మన యువకులు తెలిసికొనవలెను. ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ 1893లో సిన్సినాటి పట్టణములో పుట్టిన నల్లజాతివాడు. చిన్నతనములోనే తల్లి ప్రేమకు దూరమై ఒక కాథలిక్ గురువు ఇంట పెరిగాడు. బడి చదువు కొద్దిగానే. బాల్యములోనే గ్యారేజీలో పనికి కుదిరి, దొరికిన పుస్తకములన్నీ చదువుకొని, యంత్రవిద్య తనంతట తానే నేర్చుకున్నాడు. 1930ల చివరలో లారీలలో కోళ్ళ మాంసము ఎండకు పాడైపోతున్నదని విని, కుదుపులకు చెదరని చిన్న శీతల యంత్రమును లారీ కొరకు తయారుచేశాడు. మొదట దానిని లారీ అడుగున బిగించారు. దుమ్ము, బురద కొట్టి పాడైనది. తరువాత దానిని ఇంకా తేలిక చేసి సరుకు పెట్టె ముందు భాగమున, డ్రైవరు గదికి పైగా బిగించాడు. నేటికీ పాలు, చేపలు, మందులు మోసే లారీలలో ఆ స్థలములోనే మనము దానిని చూస్తున్నాము. రెండవ ప్రపంచ యుద్ధములో గాయపడినవారికి రక్తమును, మందులను చెడకుండ కాపాడుటకు ఆయన యంత్రములు ఉపయోగపడినవి. 60కి పైగా పేటెంట్లు పొంది 1961లో ఆయన కన్నుమూశాడు. 1991లో, అంటే చనిపోయిన 30 సంవత్సరములకు, అమెరికా ప్రభుత్వము ఆయనకు జాతీయ సాంకేతిక పతకమునిచ్చినది. ఇల్లు కట్టువారు త్రోసివేసిన రాయిని గూర్చి మనము ఎన్ని ప్రసంగములు వినలేదు!

అయితే ఒక్క మాట ఆలోచింపవలసినది. సరుకు చెడిపోకుండ చల్లదనము 1940లకే లారీ ఎక్కినది. సరుకు మోసే మనిషికి చల్లదనము మన దేశములో తప్పనిసరి అయినది 2025లో. కోడిమాంసము చెడితే యజమానికి వెంటనే నష్టము కనబడుతుంది. మనిషి కొద్దికొద్దిగా చెడితే లెక్క వ్రాసేవాడు లేడు.

జడ్చర్ల బస్సులు

జడ్చర్ల అనగానే మన విశ్వాసులకు మెనోనైట్ బ్రదరెన్ మిషను ఆసుపత్రి జ్ఞాపకము వస్తుంది. ఇప్పుడు ఆ ఊరు మరియొక పనికి కూడ పేరు పొందినది. ఒలెక్ట్రా అనే కంపెనీ అక్కడి కర్మాగారములో విద్యుత్ బస్సులు తయారుచేసినది. 2018కి ముందు ఆ కంపెనీ పేరు గోల్డ్‌స్టోన్. ఈ కంపెనీ బస్సులు 2017లో హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి నుండి సుమారు 13,000 అడుగుల ఎత్తుననున్న రోహ్తాంగ్ కనుమ దారిలో నడిచినవి. 2019లో హైదరాబాదు విమానాశ్రయమునకు మన ఆర్టీసీ తరఫున 40 ఏసీ బస్సులు ప్రారంభమైనవి. మంచుకొండకూ మన ఎండకూ ఒకే కంపెనీ బండ్లు!

విద్యుత్ బస్సులో ఈ యంత్రము మరింత జాగ్రత్తగా అమర్చవలెను. ఇంజను లేదు గనుక బెల్టు లేదు, ఉచితముగా వేడినీరూ లేదు. చల్లదనము, వెచ్చదనము రెండూ బ్యాటరీలోని కరెంటునే తినవలెను. ఏసీ ఎంత తింటే బస్సు అంత తక్కువ దూరము పోతుంది. అందుచేత పలుచని యంత్రమును పైకప్పు మీద పరచినట్లు పెట్టి, కంప్రెసరును కరెంటుతోనే తిప్పుతారు. కొన్ని బండ్లలో అదే యంత్రమును తిరగదిప్పి, బయటి చల్లగాలిలో మిగిలియున్న కొద్ది వేడిని లోపలికి తెచ్చునట్లు చేస్తారు. ఒక మేలు కూడ ఉన్నది. బండి నిలిచియున్నను పొగ లేకుండ ఏసీ నడుస్తుంది. డీజిలు లారీకి ఆ భాగ్యము లేదు. ఇంజను ఆపితే ఏసీ ఆగుతుంది. రాత్రంతా నడిపి పగలు కేబినులో పండుకొనే డ్రైవరుకు చల్లదనము అవసరమైన సమయములోనే అది ఉండదు. బ్యాటరీతో నడిచే చిన్న ఏసీలు ఇప్పుడు లారీలకు వస్తున్నవి. అవి అందరికీ అందువరకు చెట్టునీడ, దాబా మంచము, చల్లని నీళ్ళే దిక్కు.

ఆ చెల్లెలి ప్రశ్న

చల్లగా ఉంటే డ్రైవరు నిద్రపోతాడా? నిద్ర తెచ్చేది చల్లదనము కాదు, నిద్ర లేకపోవుటయే. రెండు రాత్రులు కన్ను మూయనివాడు ఉడుకులోనూ తూలుతాడు, చల్లదనములోనూ తూలుతాడు. ఉడుకు వలన అలసట ఇంకా త్వరగా వస్తుంది. అయితే ఒక జాగ్రత్త ఉన్నది. కిటికీలన్నీ బిగించి లోపలి గాలినే గంటల తరబడి తిప్పుకుంటూ ఉంటే మనము విడిచిన ఊపిరి అందులో పేరుకొని మత్తు వస్తుంది. అప్పుడప్పుడు బయటిగాలి లోనికి వచ్చునట్లు మీట త్రిప్పవలెను. ఏసీ ఉన్నదని విశ్రాంతి ఇవ్వకుండ ట్రిప్పు మీద ట్రిప్పు వేయించుట మాత్రము అన్యాయము. విశ్రాంతి దినమును నియమించిన దేవుడు దాసునికి, పశువుకు కూడ దానిని నియమించాడు.

ఒక యజమాని డీజిలు కలిసివస్తుందని క్రొత్త లారీ ఏసీ బెల్టును తీయించి పెట్టాడని మాతో ఒక డ్రైవరు చెప్పుకున్నాడు. "బండి కాగితాల్లో ఏసీ ఉంది అయ్యగారూ, బండ్ల లేదు" అని నవ్వాడు. ఆ నవ్వు మాకు బాధ కలిగించినది. చట్టము యంత్రమును ఇప్పించగలదు, దానిని నడుపనిచ్చే మనస్సును ఇప్పించలేదు. లారీలున్న విశ్వాసులు కూడ మన మధ్యనున్నారు. వారు ఈ మాటను ప్రభువు సన్నిధిలో ఆలోచించుకొనవలెనని మా మనవి. 2025కు ముందటి లారీలు మన రోడ్లమీద ఇంకా చాలా ఏండ్లు నడుస్తవి. వాటికి చట్టము వర్తించదు. కాని పైకప్పు లోపల మందమైన పొర వేయించుటకు, మంచి ఫ్యాను పెట్టించుటకు, మధ్యాహ్నము రెండు గంటలు బండి ఆపుకో నాయనా అని చెప్పుటకు చట్టము అక్కరలేదు.

బయటపెట్టిన వేడి ఏమగును?

కేబినులో నుండి తీసిన వేడి మాయమైపోదు. రోడ్డు మీదికి వస్తుంది. సిగ్నలు దగ్గర ఏసీ బండ్ల ప్రక్కన నిలువబడిన సైకిలువానికి ఆ వేడి తగులుతుంది. ఏసీ బస్సులో మనము దుప్పటి కప్పుకొని కూర్చున్నప్పుడు అద్దము అవతల చెమటలో తడిసిన మనిషి కనబడుతున్నాడు గదా!

గ్యాసు సంగతి కూడ ఇట్టిదే. మొదట వాడిన ఆర్-12 అనే గ్యాసు ఆకాశములో మనలను కాపాడే ఓజోను పొరను తినివేస్తున్నదని తెలిసి, 1987 మాంట్రియల్ ఒప్పందముతో లోకమంతా దానిని మానివేయుటకు సమ్మతించినది. మన దేశము 1992లో అందులో చేరినది. దాని బదులు వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 1,300 రెట్లు బలమైనది. 2016 కిగాలి ఒప్పందము ప్రకారము ఇటువంటి వాటిని కూడ క్రమముగా తగ్గించవలెను. మన దేశము 2021లో దానిని ఆమోదించినది. అందుచేత పాత గ్యాసును గాలిలోనికి విడువక, యంత్రముతో పట్టి మరల వాడే మెకానిక్కు దగ్గరకే పోవలెను. మన సంఘములలోని మెకానిక్కు తమ్ముళ్ళు ఈ పనిని భక్తిలో భాగముగా ఎంచవలెను. ఒకని చల్లదనము మరియొకనికి మంట కాకూడదు.

ఇంటివారికి నాలుగు మాటలు

ఎండలో నిలిపిన బండిని ఎక్కగానే ఏసీ వేయక, ముందు తలుపులన్నీ తెరచి ఒక నిమిషము వేడిగాలి పోనివ్వండి. పసిబిడ్డను, వృద్ధులను మూసిన కారులో విడిచి ఒక్క నిమిషమైనా పోవద్దు. పది నిమిషములలో లోపల సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది, పసివాని శరీరము మనకంటె ఎన్నో రెట్లు త్వరగా వేడెక్కుతుంది. పెళ్ళిళ్ళకు, కూటములకు పోయినప్పుడు పిల్లలు ఆటలాడుచు నిలిచిన కారులో దూరి తలుపు వేసుకొనుట జరుగుచున్నది, గనుక బండికి తాళము వేయండి. మూసిన షెడ్డులో ఇంజను నడుస్తుండగా ఏసీ వేసుకొని నిద్రపోవద్దు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు నిద్రలోనే ప్రాణము తీస్తుంది.

అబ్రాహాము ఎండవేళ తన గుడారపు ద్వారమున కూర్చున్నప్పుడు ముగ్గురు బాటసారులను చూచి పరుగెత్తుకొని పోయాడు. నీళ్ళు తెప్పించి, చెట్టు క్రింద కూర్చుండబెట్టాడు. వారెవరో అప్పటికి అతనికి తెలియదు. మన ప్రభువు కూడ ప్రయాణము వలన అలసి, మధ్యాహ్నము వేళ యాకోబు బావి దగ్గర కూర్చుండి ఒక స్త్రీని దాహమునకు అడిగాడు. అలసిన ప్రయాణికుని దేహమును దేవుడు చిన్నచూపు చూడలేదు. కాబట్టి డ్రైవరుకు చల్లగాలి సోకు అని మనము అనకూడదు.

మన మందిరములలో అనేకము రోడ్డు ప్రక్కనే ఉన్నవి. ఈ ఎండాకాలము గేటు దగ్గర రెండు మట్టికుండలు, ఒక గ్లాసు, ఒక తాటాకు పందిరి, దాని క్రింద ఒక మంచము వేయగలమా? లారీ నిలుపుటకు చోటున్న మందిరమైతే మరీ మంచిది. వచ్చే ఆదివారము ప్రార్థనలో ప్రయాణికులతో పాటు డ్రైవర్లను, క్లీనర్లను, వారి రాక కొరకు రాత్రివేళ మేలుకొనియుండు భార్యలను పేరుపేరునా జ్ఞాపకము చేయగలమా? ఎద్దుకు చెట్టునీడ ఇచ్చిన మన పితరుల దయ మనలో చల్లారకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.